ఒక్క రోజు జోలె

నవంబరు నెల దగ్గర పడుతోందంటే మన తపాలా పెట్టెలు బరువెక్కుతాయి. చందాలు కోరే ఉత్తరాలు, ఫోనులో సందేశాలు, కంప్యూటరు తెరిస్తే విన్నపాలు. థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళిన మంగళవారం నాడైతే ఇక చెప్పనే అక్కరలేదు. ఆసుపత్రులు, కళాశాలలు, మ్యూజియములు, కుక్కల్నీ పిల్లుల్నీ కాపాడే సంఘాలు, అన్నిటికీ ఆ ఒక్కరోజే మనం గుర్తుకు వస్తాము. ఇదంతా చూసి, "మన చిన్న చిన్న సంస్థలు కూడా ఇట్లా ఒక రోజు పెట్టుకుని చందా వసూలు చేసుకోకూడదా?" అని సభ్యులు కొందరు మమ్మల్ని అడిగారు. ఆదివారం తెలుగు తరగతి, పుస్తకాల బీరువా, పిల్లల నాటకం, పత్రికకు కాగితమూ తపాలా బిళ్ళలూ, ఇవే కదా మన చిన్న సంస్థల ఖర్చులు! ఈ నెల ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని కూర్చున్నాము.

జవాబు ముందే చెప్పేస్తాము. పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అయితే ఒక్క రోజు అన్నది గడువు మాత్రమే. దాని వెనకాల పని కనీసం ఆరు వారాలది. ఇంకో మాట. ఆ సాయంత్రం ఎన్ని డాలర్లు వచ్చాయి అన్నది రెండో లెక్క. ఎన్ని ఇళ్ళవాళ్ళు ఇచ్చారు అన్నది మొదటి లెక్క. ఎందుకంటారా, వివరంగా విన్నవిస్తాము.

ముందు ఈ ఆచారం ఎట్లా వచ్చిందో చూద్దాము. 2009 నవంబరు 17న మినెసోటా రాష్ట్రంలో, ఆ రాష్ట్రపు ధర్మసంస్థలన్నిటికీ కలిపి ఇరవై నాలుగు గంటల చందా దినం జరిపారు. 38,000 మందికి పైగా కోటీ నలభై లక్షల డాలర్లు ఇచ్చారు. 2012లో న్యూయార్కులోని 92వ వీధి వై అనే సాంస్కృతిక కేంద్రమూ, ఐక్యరాజ్యసమితి ఫౌండేషనూ కలిసి థాంక్స్‌గివింగ్ తరువాతి మంగళవారాన్ని "గివింగ్ ట్యూస్‌డే" అన్నారు. శుక్రవారం, సోమవారం అంగళ్ళలో ఖర్చుపెట్టిన జనం మంగళవారం నాడైనా ధర్మం తలుచుకోరా అన్నది వారి ఆలోచన. మొదటి ఏడాది కంప్యూటరు ద్వారా వచ్చినది సుమారు కోటి డాలర్లు. 2024 నాటికి అమెరికా మొత్తం మీద ఆ ఒక్కరోజు విరాళాలు 360 కోట్ల డాలర్లని నిర్వాహకులే అంచనా కట్టారు.

ఇంత పెద్ద అంకె చూసి, మన వాటా మనకు రాకపోతుందా అనుకోవడం సహజం. కాని ఆ మంగళవారం నాడు వంద సంస్థల ఉత్తరాల మధ్య మన ఉత్తరం కూడా ఒకటి అవుతుంది. పెద్ద సంస్థలకు అడగటానికి జీతగాళ్ళున్నారు. మనకున్నది సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగి కూర్చునే ముగ్గురు కార్యకర్తలు. కనుక ఆ రోజే కావాలన్న పట్టుదల వద్దు. ఉగాది ఉన్నది, దసరా ఉన్నది, పిల్లల తరగతి మొదలయ్యే వారం ఉన్నది. మనవాళ్ళ మనసు మన సంస్థ మీద ఉండే రోజు ఏదో చూసుకుని, దాన్ని మన రోజుగా పెట్టుకుంటే చాలు. గడువు గడువే; దానికి మంగళవారమైతేనేమి, శనివారమైతేనేమి!

నిజానికి గడువు పెట్టి చందా ఎత్తటం మనకు అమెరికా నేర్పిన విద్య కాదు. 1921 మార్చి ఆఖరున బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూర్చుని, జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూడబెట్టాలని తీర్మానించింది. ఆ తీర్మానం అయిన వెంటనే, ఏప్రిల్ మొదట్లో గాంధీగారు కాకినాడ వచ్చారు. అప్పటికి పన్నెండేళ్ళయినా నిండని దుర్గాబాయి, అక్కడి దేవదాసీలకూ ముస్లిం స్త్రీలకూ విడిగా గాంధీగారి దర్శనం చేయించాలని పట్టుబట్టింది. నిధికి అయిదు వేల రూపాయలు సమర్పిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. ఆ పిల్ల వెళ్ళి ఆ స్త్రీలనే అడిగింది. అయిదు వేలూ పోగైంది. సభ జరిగింది. గాంధీగారు కొద్ది నిమిషాలన్నది మరిచి చాలాసేపు ఉండిపోయారు. సభలో ఆ స్త్రీలు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. అడిగినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. తరువాత కాలంలో ఆ అమ్మాయే దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, జీవితమంతా చందాలతో సంస్థలను నిలబెట్టింది.

ఈ కథలో మనకు పనికివచ్చే సంగతులు మూడున్నాయి. అడిగిన మొత్తం ఇంత అని ఖచ్చితంగా ఉన్నది. ఆ డబ్బు దేనికో ఇచ్చేవాళ్ళకు తెలుసు. మూడవది అన్నిటికన్న ముఖ్యం: ఊళ్ళో పెద్దలెవరూ అడగనివాళ్ళను ఆ పిల్ల అడిగింది. ఇవ్వరేమో అని మనం లెక్కలోంచి తీసేసిన ఇళ్ళే ఒక్కొక్కసారి గాజులు తీసి ఇస్తాయి.

ఇంకా ఇంటి ఉదాహరణ కావాలంటే పెళ్ళిలో చదివింపులు చూడండి. ఒక్క రోజు, ఒక్క పూట. ఒక పెద్దమనిషి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఫలానావారు నూట పదహార్లు అని పేరు పేరునా రాస్తాడు. ఆ పుస్తకం పెళ్ళివారింట భద్రంగా ఉంటుంది. రేపు వాళ్ళింట్లో శుభకార్యం వస్తే ఆ పేజీ తిప్పి చూస్తారు. పిలవని వాళ్ళు చదివించరు. పిలిచేది కూడా బొట్టు పెట్టి పిలుస్తారు. చందా దినానికి కావలసిన శాస్త్రమంతా ఇందులోనే ఉన్నది: పిలుపు, పుస్తకం, జ్ఞాపకం.

ఇక చేసే విధానం.

మొదటిది, ఒక్క పని పేరు చెప్పాలి. "సంఘాభివృద్ధికి" అంటే ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. తరగతి గది ఏడాది అద్దె ఇంత, పుస్తకాలు ఇంత, వెరసి ఇంత అని కాగితం మీద వేసి చూపించాలి. ఉదాహరణకు ఏడాది ఖర్చు 6,000 డాలర్లు అనుకుందాము. పిల్లలు ముప్ఫైమంది అయితే ఒక్కొక్కరికి 200 అవుతుంది. "ఒక పిల్లవాడి ఏడాది చదువు 200 డాలర్లు" అన్న మాట అమ్మమ్మగారికి కూడా అర్థమవుతుంది. మన అలవాటు చొప్పున 16, 116, 516, 1,116 అని మెట్లు పెడితే ఇంకా మంచిది. పదహారు డాలర్ల మెట్టును చులకన చెయ్యకండి. నిన్నగాక మొన్న చదువుకోవటానికి వచ్చిన కుర్రవాడు ఎక్కే మెట్టు అది.

రెండవది, వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు. ఆ రోజు రాకముందే ఇద్దరు ముగ్గురు పెద్ద దాతలను చూసుకుని, వాళ్ళ చేత ఒక మాట ఇప్పించుకోవాలి. మామూలుగా "మీరు డాలరు ఇస్తే నేను డాలరు" అంటారు. మా సలహా వేరు. "వంద ఇళ్ళవాళ్ళు ఎంతో కొంత ఇస్తే నేను 2,000 ఇస్తాను" అని షరతు పెట్టించండి. అప్పుడు పదహారు డాలర్లిచ్చినవాడు కూడా ఆ రెండు వేలు తెచ్చిపెట్టినవాడే అవుతాడు. ఎక్కడో దూరాన కూర్చున్న కంపెనీ జతకట్టి ఇస్తుందిలే అని ఆశ పెట్టుకోరాదు. 2018 గివింగ్ ట్యూస్‌డే నాడు ఫేస్‌బుక్కువారు జతచేస్తామన్న 70 లక్షల డాలర్లు తెల్లవారి మొదలుపెట్టిన కొన్ని సెకండ్లలోనే అయిపోయాయి. మన ఆఫీసులు ఉద్యోగుల విరాళానికి జతచేసే పద్ధతి మాత్రం నమ్మదగినది. ఎవరి కంపెనీలో ఆ సదుపాయం ఉందో, దరఖాస్తుకు గడువెప్పుడో ముందే జాబితా వేసుకోవాలి. చాలా ఇళ్ళలో ఈ డబ్బు అడిగేవాళ్ళు లేక కంపెనీలోనే మిగిలిపోతున్నది.

మూడవది, బొట్టు పెట్టి పిలవటం. అందరికీ కలిపి పంపిన సందేశం ఎవరికీ పంపనట్టే. పదిమంది కార్యకర్తలు, ఒక్కొక్కరికి పదేసి ఇళ్ళు. అంతకు మించి ఇవ్వకండి. అడగబోయేవారు ముందు తమ చందా తాము వెయ్యాలి. తాను ఇవ్వనివాడి నోట అడుగు పెగలదు. వారం ముందు ఒక మాట, ముందురోజు ఒక మాట, ఆ రోజు ఒక ఫోను. అన్నయ్యగారినే కాదు, వదినగారిని కూడా అడగండి. చాలా ఇళ్ళలో ధర్మం సంగతి నిర్ణయించేది ఎవరో మేము చెప్పనక్కరలేదు.

అడగటం నామోషీ అనుకునేవారు మనలో ఎక్కువ. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చి వేలమంది పోయినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి తారలే ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. వాళ్ళకు లేని నామోషీ మనకెందుకు! తన కోసం చాచిన చెయ్యి వేరు, పదిమంది కోసం పట్టిన జోలె వేరు.

నాలుగవది, ఆ రోజు. పొద్దున ఏడు గంటలకల్లా మొదటి పది పేర్లు పుస్తకంలో ఉండాలి. ఖాళీ జోలెలో మొదటి నాణెం వెయ్యటానికి ఎవరైనా జంకుతారు. అందుకే ఆ పదిమందిని ముందురోజే సిద్ధం చేసుకోవాలి. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, "ఇంతవరకు ఇన్ని ఇళ్ళు" అని తెలియజెయ్యండి. ఇచ్చిన మొత్తాలు చదవవద్దు, పేర్లు చదవండి. పెళ్ళిలో మొత్తం చదివితే చెల్లుతుంది కాని ఇక్కడ చెల్లదు. పదహారిచ్చినవాడు మరుసటి ఏడు మొహం చాటేస్తాడు. కాలిఫోర్నియాకు తరలిపోయిన మన పాతసభ్యులను మరువకండి. మనకు రాత్రి పదకొండంటే వాళ్ళకు ఎనిమిదే. యంత్రాన్ని పూర్తిగా నమ్ముకోవటమూ పనికిరాదు. మినెసోటావారి చందా దినానికే 2014లో కంప్యూటర్లు కొన్ని గంటలు మొరాయించాయి. 2016 మే 3న దేశమంతటా ఎన్నో ఊళ్ళు కలిసి పెట్టుకున్న చందా దినం నాడు కూడా అదే జరిగింది. చెక్కులు పుచ్చుకునేవాళ్ళు ఇద్దరు, పేర్లు రాసుకునే నోటు పుస్తకం ఒకటి మనకు ఎప్పుడూ ఉండాలి.

ఐదవది, మరునాడు. మన సంస్థలు తడబడేది ఇక్కడే. రెండు రోజులలో ప్రతి ఇంటికీ పేరు రాసిన కృతజ్ఞతా పత్రం వెళ్ళాలి. 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చినవారికి రాతపూర్వకమైన రసీదు లేకపోతే పన్ను మినహాయింపు చెల్లదు. విందు పెట్టి టిక్కెట్టు అమ్మితే, భోజనం విలువ పోను మిగిలినదే విరాళం. టిక్కెట్టు 75 డాలర్లు దాటితే ఆ సంగతి సంస్థే రాసి ఇవ్వాలి. 2018 నుంచి ప్రామాణిక మినహాయింపు బాగా పెరగటంతో మనలో చాలామంది విరాళాల లెక్క పన్ను కాగితంలో చూపటమే మానేశారు. 2026 సంవత్సరపు పన్ను నుంచి అట్లాంటివారు కూడా దంపతులైతే 2,000 డాలర్ల వరకు, ఒంటరివారైతే 1,000 వరకు రొక్కంగా ఇచ్చిన విరాళాన్ని తగ్గించుకోవచ్చు. కనుక చిన్న రసీదులు కూడా జాగ్రత్తగా ఇవ్వాలి.

సంస్థ పుస్తకాలూ సరిగ్గా ఉండాలి. ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థ పన్నుల శాఖకు పంపవలసినది 990-ఎన్ అనే చిన్న పత్రం. కొన్ని నిమిషాల పని. వరుసగా మూడేళ్ళు పంపకపోతే గుర్తింపు దానంతట అదే రద్దవుతుంది. 2011లో దేశం మొత్తం మీద సుమారు 2,75,000 సంస్థలు అట్లా గుర్తింపు పోగొట్టుకున్నాయి. వాటిలో ఎక్కువ చిన్నవే. మన మిషిగన్ రాష్ట్రంలో చందాలు వసూలు చేసే సంస్థలకు 1975 నాటి చట్టం ఒకటి ఉన్నది. జీతగాళ్ళు లేకుండా, ఏడాదికి 25,000 డాలర్లకు మించకుండా వసూలు చేసే సంస్థకు రిజిస్ట్రేషను నుంచి మినహాయింపు. మన రోజు బాగా జరిగితే ఆ గీత దాటవచ్చు కదా! దాటిన తరువాత పరుగెత్తటం కన్న అటార్నీ జనరల్ కార్యాలయపు నిబంధనలు ముందే చూసుకోవటం మేలు.

మన ఊరి బడికో, ఆసుపత్రికో పంపుదామని వసూలు చేసేవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. అక్కడి సంస్థకు భారత ప్రభుత్వపు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకపోతే ఇక్కడ ఎత్తిన డబ్బు అక్కడ పుచ్చుకోరాదు. 2020లో ఆ చట్టాన్ని సవరించి ఇంకా బిగించారు. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. పుచ్చుకున్న సంస్థ దాన్ని వేరొక సంస్థకు ఇవ్వరాదు. భారత పౌరులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపుకుంటే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారిది మాత్రం విదేశీ విరాళమే. ఈ సంగతి జోలె పట్టకముందే తేల్చుకోవాలి. బడికి పైకప్పు వేయిస్తామని చెప్పి వసూలు చేసిన డబ్బు ట్రాయ్ బ్యాంకులో రెండేళ్ళు మూలిగితే, మూడో ఏడు ఆ సంస్థను ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మొదట అన్న మాటకు వస్తాము. డాలర్ల కన్న ఇళ్ళ లెక్క ముఖ్యమని ఎందుకన్నాము? ట్రాయ్ లో ఉన్నవాళ్ళకు దీనికి జవాబు పుస్తకాలలో వెతకనక్కరలేదు. బిగ్ బీవర్ రోడ్డు మీద కూలిడ్జ్ దగ్గర కేమార్ట్ ప్రధాన కార్యాలయం ఉండేది. 2002లో ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టింది. 2005లో సియర్స్ తో కలిసి షికాగో వైపు తరలిపోయింది. అంత పెద్ద భవనం ఏళ్ళ తరబడి బోసిగా నిలబడి, చివరికి నేలమట్టమైంది. ఆ 2005 అక్టోబరులోనే ట్రాయ్ లో ప్రధాన కార్యాలయమున్న డెల్ఫై దివాలాకు వెళ్ళింది. 2009లో నెల రోజుల తేడాలో క్రైస్లరు, జనరల్ మోటార్సు అదే దారి పట్టాయి. ఈ ప్రాంతంలో కార్ల పరిశ్రమ తుమ్మితే మన ఇళ్ళలో జలుబు చేస్తుంది. ఉద్యోగం పోయినవాళ్ళు, ముందుచూపుతో వేరే రాష్ట్రం వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు.

అటువంటి ఊళ్ళో ఒక చిన్న సంస్థ ఖర్చంతా నాలుగిళ్ళ చెక్కుల మీద నడుస్తోందనుకోండి. ఆ నాలుగిళ్ళలో రెండు ఇల్లు అమ్ముకుని టెక్సాస్ పోతే ఆదివారం తరగతికి తలుపు మూతే. అదే డబ్బు నూట ఇరవై ఇళ్ళ నుంచి వస్తే ఇరవై ఇళ్ళు తరలిపోయినా తరగతి సాగుతుంది. పైగా ఆ నాలుగిళ్ళవారు ఎంత మంచివారైనా, ఏళ్ళ తరబడి తామే ఇస్తూ ఉంటే వారికి విసుగూ వస్తుంది, మిగతావారికి సంస్థ తమది కాదన్న భావమూ వస్తుంది. పదహారు డాలర్లిచ్చిన ఇల్లు సభకు వస్తుంది, లెక్క అడుగుతుంది, కుర్చీలు వెయ్యటానికి పిల్లవాణ్ణి పంపుతుంది. ఆ లెక్క అడిగే ఇళ్ళు ఎన్ని ఉంటే సంస్థకు అంత ఆయుష్షు.

కనుక చందా దినం అయిన రాత్రి కోశాధికారిని మీరు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఎన్ని ఇళ్ళు? వాటిలో నిరుడు ఇవ్వనివి ఎన్ని? నిరుడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివి ఎన్ని? మూడవ జాబితాలోని ఇళ్ళకు మళ్ళీ చందా కోసం కాక, కులాసా కనుక్కోవటానికి ఫోను చెయ్యండి. ఉద్యోగం పోయిందేమో, ఇంట్లో జబ్బేమో, మన వల్ల మనసు నొచ్చుకున్నదేమో. చదివింపుల పుస్తకం ఉన్నది అందుకే.

చందా దినం పెట్టుకోదలచిన సంస్థలవారు తేదీ నిశ్చయం కాగానే మాకు తెలియజేస్తే, రెండు సంస్థల రోజులు ఒకే వారంలో పడకుండా పత్రికలో ప్రకటిస్తాము. పదేసి ఇళ్ళు పంచుకోవటానికి కార్యకర్తలు కావాలన్నవారికి కూడా ఇక్కడ చోటిస్తాము. ఈ నెలాఖరులోగా ఒక కాగితం తీసుకుని, మీరు స్వయంగా ఫోను చెయ్యగల పది ఇళ్ళ పేర్లు రాసి ఉంచండి. అందులో ఇంతవరకు మీరు ఎన్నడూ ఏమీ అడగని ఇల్లు కనీసం ఒకటి ఉండాలని మా మనవి.